పడమటి గది

రాయి కోసే బ్లేడ్ల కంపెనీ వాళ్లు
టార్గెట్ దాటించాడని
మా ఆయనకు ఒక దీవిని బహుమతిగా పంపారు.
ఐదు రాత్రులు, ఇద్దరికి.
ఎక్కడ దిగుతారో శనివారంలోగా చెప్పమని
ఫోనులో మూడు హోటళ్ల బొమ్మలు.

బార్బడోస్ అంట.
రేడియోకి చెవి ఆనించి క్రికెట్ వినే రోజుల నించి
మా మాలకొండయ్యకు ఆ పేరు తెలుసు.
నేను పటంలో వేలు పెట్టి చూస్తే
దీవి మొత్తం వేలి కిందే పోయింది.

చీమకుర్తి దుమ్ము చెవుల్లో అట్టాగే ఉన్న మనిషి
షాపు కట్టేసి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా
ఒక్కో హోటల్నీ బొటనవేలితో తోస్తా కూర్చున్నాడు.

మొదటిది ఊరి నడిబొడ్డున.
కింద బజారు, తెల్లార్లూ పాటలు.
"ఒంగోలు బస్టాండు కాడ లాడ్జి తీసుకుంటే పోలా?" అన్నా.
అది పోయింది.

రెండోది తూర్పు గట్టున.
రాళ్లు, రాళ్ల మీద విరగబడే అలలు,
దిగొద్దని ఎర్రజెండా.
కంపెనీ లెక్కలోనే వస్తుంది, టిఫినుతో సహా.
దాని స్నానాలగది బొమ్మ దగ్గర ఆయన వేలు ఆగింది.
పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.
నలుపులో బంగారు నలకలు.
"ఒసే, ఇది మనదే! రామతీర్థం రాయి!"
తప్పిపోయిన చుట్టం కనపడ్డట్టు
ఫోనుని కళ్లజోడుకి ఆనించుకున్నాడు.
ఏ లారీ ఎక్కిందో, ఏ ఓడ దిగిందో,
ఏ పిల్లోడు దగ్గుకుంటా పాలిష్ పట్టాడో,
ఎవరో దొరసాని దాని మీద సబ్బు పెట్టుకుంది.

"ఈడే దిగుదాం. మన రాయి ఎట్టుందో చూసొద్దాం."

ముప్పై ఏళ్లు ఆ రాళ్లతోనే కాపురం చేశాం.
అంత దూరం పోయి
సింకు తడిమి రావాల్నా?

మూడోది పడమటి గట్టున.
ఖరీదు. పైన పడేది మనమే కట్టుకోవాలి.
నీళ్లు పళ్లెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి.
సూర్యుడు సగమే ఉన్నాడు.
మా మరిది కూతురు సుధీర కింద రాసింది చదివి చెప్పింది:
"పొద్దు పొడవడం కాదు పెద్దమ్మా, కుంకడం."

నేను కొత్తపట్నం పిల్లని.
సముద్రమంటే పొద్దు పుట్టే చోటు.
మా నాయన తెప్ప ఆ ఎరుపులోంచే ఒడ్డుకొచ్చేది.
సాయంత్రం పొద్దు మా వీపుల వెనక
సరుగుడు తోపుల్లో ఎక్కడో దిగేది,
ఎవరమూ తిరిగి చూసేవాళ్లం కాదు.
ఆ వేళకు సముద్రం నల్లబడి
తెప్ప రాని రోజు మా అమ్మ మొహంలా ఉండేది.

పొద్దు నీళ్లలో మునగడం
యాభై నాలుగేళ్లలో ఒక్కసారీ చూళ్లేదు.
మునిగేటప్పుడు చప్పుడు వస్తుందా?
కాలిన పెనం మీద నీళ్లు చిలకరించినట్టు
చుయ్యి మంటుందా?
అడిగితే నవ్వుతాడు. అడగలేదు.

"పైన ఎంత పడుద్ది?"
చెప్పాడు.
బియ్యం డబ్బాలోంచి చీటీ డబ్బులు తీసి
ఆయన కళ్లజోడు పక్కన పెట్టా.
లెక్కపెట్టుకోలేదు.
శుక్రవారం రాత్రి కంపెనీ పిల్లోడికి ఫోన్ చేసి
మూడోదే రాసుకోమన్నాడు.
ఆ గదిలో సింకు ఏ రాయో కూడా అడిగాడు.
తెల్ల పాలరాయంట.
"అది మరకలు పట్టుద్ది" అని గొణిగి పడుకున్నాడు.

నాకు నిద్ర రాలా.
సుధీర వేళలు లెక్కగట్టి చెప్పింది:
అక్కడ పొద్దు కుంకేటప్పటికి
మనకిక్కడ తెల్లవారుజాము మూడున్నర.

లాంతరు పట్టుకుని అమ్మ ముందు నడస్తా ఉంటే
మా నాయన తెప్పని
చీకటి నీళ్లలోకి తోసే వేళ.