అలుగుతో నడక

ముతారే బస్సులో ఎవరైనా
ఏం పని చేస్తావని అడిగితే
నడుస్తాను అంటాను.
నవ్వుతారు. నడిస్తే జీతమిస్తారా?
ఇస్తారు. రోజుకు ఐదు గంటలు,
ఒక అలుగు వెనక, పదడుగుల దూరంలో,
నోరు మెదపకుండా.

పోయిన ఆగస్టులో వచ్చింది ఆమె
మొక్కజొన్న పిండి గోతంలో,
కారు డిక్కీలో, స్పేర్ టైరు కింద.
పిండి ముక్కులోకి పోయి
పోలీసు కుక్క తుమ్మింది.
తుమ్మితే ప్రయాణం ఆగాల్సిందే కదా,
ఆగింది.
న్యారై గోతం విప్పితే లోపల రాతిముద్ద.
నీళ్లు పెట్టాం. కదల్లేదు.
చీమలు తెచ్చి పోశాం. కదల్లేదు.
అలుగు కదా, అలిగింది.
మనిషి జాతి మొత్తం మీద అలిగింది.
మూడో రాత్రి దీపం ఆర్పేశాక
సిమెంటు నేల మీద గోళ్ల చప్పుడు.

ఎడమ పక్కన పదకొండు పొలుసులు లేవు.
ఎక్కడో ఎవరికో అవి మందట.
నీ బొటనవేలి గోరు ఏదో ఆ పొలుసూ అదే
అంది న్యారై.
ఆ రాత్రి గోళ్లు తీసుకుని
ముక్కలన్నీ అరచేతిలో పోసుకు చూశాను.
వీటికి ఎవడిస్తాడు పైసా?

సాయంత్రం నాలుగింటికి బయల్దేరతాం.
ముందుకాళ్లు రెండూ గుండెకు చేర్చుకుని
వెనకకాళ్ల మీద నడుస్తుంది,
అప్పు అడగడానికొచ్చి
గుమ్మంలో నసిగే మనిషిలా.
నాకు అన్నీ చీమలే. ఆమెకు కావు.
ఒక పుట్ట వద్దు, రెండోదీ వద్దు,
మూడోదాన్ని తవ్వి నాలుక చాపుతుంది.
మూరెడు నాలుక, ఒక్క మాట లేదు.
అంతసేపూ నేను ముసాసా చెట్ల కింద నిలబడి
వానలకు ముందే ఎర్రబడ్డ చిగుళ్లు చూస్తాను.

చుట్టుకున్న అలుగును
సింహం దొర్లించి దొర్లించి విసిగిపోతుంది.
కోట్ల ఏళ్లుగా సరిపోయిన ఉపాయం.
మనిషి ఊరికే వంగి ఎత్తుకుంటాడు,
గుమ్మడికాయలా.

మా నాన్న కూడా ఎత్తుకున్నాడు.
ఆ సంగతి దాచి ఇదంతా చెప్పకూడదు.
నాకప్పుడు ఏడేళ్లు. పొలం గట్టున దొరికింది.
దొరికితే పెద్దకు కానుకివ్వాలి, అది రివాజు,
దొరకడమే అదృష్టం.
దుప్పట్లో చుట్టి, నన్ను వెంట నడిపించి,
ఇచ్చి వచ్చాడు.
దారంతా ఆయన ముఖం వెలుగుతూనే ఉంది.
ఆ వెలుగును ఇప్పటికీ తిట్టలేను.
దుప్పట్లోంచి విన్న ఆ ఊపిరినీ
మరవలేను.

అసలు పని కంచె దగ్గర.
ముసెకివా గారి ఆవుల కంచెలో
అడుగు తీగ నేలకు బెత్తెడు ఎత్తు.
కరెంటు తగలగానే అలుగు జడిసి
ఆ తీగనే చుట్టుకుంటుంది.
వదలదు. వదలడం దానికి తెలియదు.
నాలుగుసార్లు వెళ్లి అడిగాను.
“నీ పొలుసుల పిల్లి కోసం
నా దూడలు పోవాలా?”
ఐదోసారి ఏమీ అడగలేదు.
తీగకు చుట్టుకుని ఎండిపోయిన ఒకదాన్ని
కత్తిరించి తెచ్చి ఆయన అరుగు మీద పెట్టాను.
మనవరాలు ముచానేత
దాన్ని విప్పాలని చూసింది, రెండు చేతులా.
రాలేదు.
మర్నాడు ఆ తీగ తీయించాడు.
తర్వాత నక్కలు దూరి ఒక దూడ పోయింది.
ఎదురైనప్పుడల్లా ఆ దూడ రంగు చెబుతాడు.
వింటాను.

మార్చిలో వదిలేశాం.
వీపు పొలుసుకు చిన్న రంధ్రం,
దానికో రేడియో బిళ్ల.
వెనక్కి తిరిగి చూడలేదు.
చూస్తుందని నేనేం అనుకోలేదు.
అనుకున్నాను.

ఇప్పుడు యాంటెన్నా ఎత్తి పట్టుకుని
చీకట్లో వింటాను. టిక్. టిక్.
బొరియ లోతుగా ఉన్న రాత్రి
ఏమీ వినపడదు.
అలాంటప్పుడు న్యారై టీ ఇస్తుంది,
చక్కెర మరిచిపోయి. నేనూ అడగను.

నాలుగింటికి కాళ్లు వాటంతటవే లేస్తాయి.
ఈ వారం ఇంకో గోతం వచ్చింది,
ఈసారి బొగ్గుల గోతం.
లోపలిది చిన్నది, నా రెండు గుప్పిళ్లంత.
నీళ్లు పెట్టాం.
దీపం ఆర్పేసి
గోడకానుకుని కూర్చున్నాను.