బుధవారం కూడా

రేపు తొమ్మిదిన్నరకి స్లాటు.
పెద్దాసుపత్రి, మానసిక విభాగం, పదకొండో గది.
సచివాలయంలో కాగితం ఇచ్చిన పిల్ల
వేలితో తట్టి చూపించింది:
నలభై దాటితేనే పింఛనొచ్చేది, ఆంటీ.
ముప్పై తొమ్మిదైతే?
నవ్వింది. పాపం, దానికి మాత్రం ఏం తెలుసు,
ఆ ఒక్క శాతం మనిషిలో ఏ మూల ఉంటదో.

రాత్రి అన్నాలయ్యాక షంషాద్ వచ్చింది,
నా చేత పాఠం అప్పజెప్పించుకోడానికి.
వాళ్ళాయన కాలికి సర్టిఫికెట్ సాధించింది తనే.
"కాలైతే టేపు పెట్టి కొలిచారు.
నీదాన్ని దేంతో కొలుస్తారే?"
మళ్ళీ తనే:
"తల దువ్వబాక. ఆ నీలం చీర కట్టబాక.
అడిగీ అడగ్గానే టకటకా చెప్పబాక.
బాగా మాట్లాడావంటే
బాగానే ఉందని రాసేస్తారు."

పొద్దున లేచి తల దువ్వుకోడానికి
నాకు మూడేళ్ళు పట్టింది, షంషాద్.

నా కళ్ళజోడు పెట్టుకుని డాక్టరయిపోయింది.
"వంట చేసుకుంటావా?"
చేసుకుంటా. తాలింపు మాత్రం పెట్టను.
"ఏం?"
ఎండుమిర్చి నూనెలో పడితే
"ఆఁ, అదీ. అది చెప్పు."

అది చెప్పాలంటే కోల్డ్ స్టోరేజీ చెప్పాలి.
ఏటుకూరు రోడ్డు, మధ్యాహ్నం మూడు,
తొడిమలు తీస్తా పద్నాలుగు మందిమి.
కరెంటు పోయినట్టు పోయి, వచ్చినట్టు వచ్చి,
ఆ తర్వాత షట్టరు సగంలో బిగుసుకుపోయింది.
ఎర్రటి పొగ.
కాదు, పొగ నల్లగానే ఉంది,
ఎరుపు నా గొంతులో.
మరియకుమారి

"చాల్లే, మంచినీళ్ళు తాగు," అంది డాక్టరు.

ఫిబ్రవరి వస్తే ఈ ఊళ్ళో తప్పించుకోను సందు లేదు.
యార్డు మీదుగా గాలి తిరిగిందంటే
గుంటూరు గుంటూరంతా తుమ్ముద్ది,
కళ్ళు తుడుచుకుని బేరాలాడుకుంటది.
నేనొక్కదాన్నే బాత్రూం గడియ పెట్టుకుంటా.

మా చిన్నోడి లెక్కల నోట్సులో మిగిలిన పేజీల్లో
నెల రోజులుగా రాస్తన్నా, రాయమన్నారని.
సోమవారం: నిద్ర రెండు గంటలు.
మంగళవారం: ఎదురు కొట్టోడు షట్టరు దించాడు.
చేట కింద పడేశా. బియ్యం తెల్లారి ఎత్తా.
బుధవారం: బాగానే ఉన్నా.
చిన్నోడు ఏదో అంటే నవ్వొచ్చింది.

షంషాద్ బుధవారం కొట్టేసింది.
"ఇది చూస్తే పదిహేను కూడా ఇవ్వరు."

నాలుగు పేజీలు, ఒక్కటే బుధవారం.
దాన్ని దాచిపెడితే నలభై,
చూపిస్తే నేను.
నెలకింత అని వచ్చే డబ్బు చిన్నదేం కాదు,
చిన్నోడి ఫీజు, నా మాత్రలు,
అద్దెలో సగం.
అయినా, కొట్టేసిన గీత పక్కనే
మళ్ళీ రాశా, ఇంకాస్త గట్టిగా వత్తి.

తొమ్మిదింటికైతే దారి పొడుగూతా
షట్టర్లు లేచే వేళ.
అందుకని ఆరింటికే పోతా.
కొట్లన్నీ నిద్రలో ఉండగానే జిన్నా టవరు దాటి
ఆసుపత్రి గేటు దగ్గర కూర్చుంటా,
మూడున్నర గంటలు.
ఇది ఏ గళ్ళో రాసుకుంటారో అడగాలి.

షంషాద్ చాప మీద నిద్రపోయింది, కళ్ళజోడుతోనే.
మెల్లగా తీశా.
దానిక్కూడా చెప్పనిది ఒకటుంది.
ఆ పొగలో మరియకుమారి నా కొంగు పట్టుకుంది.
ఎవరో పట్టుకున్నారని తెలుసు.
ఎవరో తెలుసు.
పిన్నీసు పీకేశాను.

చివరి పేజీ చింపి ఇంతే రాశా.
మడిచి, ఆధార్ జిరాక్సుకీ రేషన్ కార్డుకీ మధ్యన పెట్టా.
ఇస్తానో ఇవ్వనో పదకొండో గదిలో తెలుస్తది.

ఫైలు జిప్పు వేసి, మళ్ళీ తీసి,
దువ్వెన కూడా అందులోనే పెట్టాను.