రెండూ నలభైకి ఒక గుడ్డు

జానెడు పొట్ట కోసమే ఇన్ని తిప్పలని
లోకం అనుకుంటుంది.
నాది ఇప్పుడు జానెడు కూడా కాదు,
బెత్తెడు.
మిగతాది తొరూన్ ఆసుపత్రిలో
ఒక ఉక్కు పళ్లెంలో వదిలి వచ్చాను, మూడేళ్ల కిందట.

నా పేరు యాద్వీగా.
విస్తులా నది దాటి వచ్చే చలిగాలికి
మొదట ఎదురయ్యే బేకరీ మాది.
రాత్రి పదకొండుకు పిండి కలుపుతాను,
తెల్లారగట్ల ఐదుకి ఊరికి తలుపు తీస్తాను.
నూట ముప్పై ఎనిమిది కిలోలున్నప్పుడు
ఈ పొయ్యికీ ఈ బల్లకీ మధ్య సందులో
పక్కకి తిరిగి నడిచేదాన్ని.
ఇప్పుడు నేరుగా పడతాను.
అయినా ఒక్కోసారి, అలవాటు కొద్దీ,
పక్కకే తిరుగుతాను.

మొదటి ఏడాదంతా భయమే కాపలా.
నాలుగు చెంచాల పెరుగు, ఆగు.
అరచేతిలో సగం చేప ముక్క, ఆగు.
ముద్ద నోట్లో నీరయ్యేదాకా నములు.
తిన్న అరగంట దాకా నీళ్లు ముట్టకు.
జెనోన్ ఎదురుగా కూర్చుని
తన పళ్లెం ముగించి, పేపరు ముగించి,
పిల్లి గిన్నె కూడా కడిగేసి వచ్చేవాడు,
నేనింకా అదే గుడ్డు దగ్గర.
జుట్టు దువ్వెనతో పాటే వచ్చేది, గుప్పిళ్లుగా.
ఉంగరం ఒకరోజు పిండిలో జారిపోయింది.
ఇరవై రెండు రొట్టెలు విరిచి వెతికాం.
ఇరవై మూడోది కొనుక్కెళ్లిన పోస్ట్‌మన్
మర్నాడు తెచ్చిచ్చాడు, పన్ను పట్టుకుని.

ఆకలి రుచెరగదంటారు.
నా ఆకలిని కోసి పారేశారు;
రుచిని కోయడం ఎవరికీ చేతకాలేదు.

మూడో ఏడు. కొవ్వు గురువారం దగ్గర పడింది.
ఉపవాసాల రోజులకు ముందొచ్చే ఆ గురువారం
పొంచ్కి తినని వాడికి ఏడాదంతా కలిసిరాదట ఈ దేశంలో.
గులాబీ జాము కడుపులో దాచుకుని
నూనెలో ఊపిరి పోసుకునే గుండ్రటి ముద్దలు,
రెండు వేల నాలుగు వందలు వేయించాలి మేం.
జాము కుదిరిందో లేదో
ఎవరో ఒకరు చూడాలి కదా!
ఒక్క చెంచా.
మర్నాడు ఒక్క చెంచా.
ఆపైన, చెంచా వీపుకి అంటుకున్నది.
మొదట్లో తీపి తగిలితే చెమటలు పోసి, గుండె దడదడలాడి
నేల మీద కూలబడేదాన్ని.
ఇప్పుడు ఒళ్లు
లంచం తిన్న కాపలావాడిలా
చూసీ చూడనట్టు లోపలికి వదిలేస్తోంది.
కడుపు నిండినా కన్ను నిండదు.
రోజూ పిండిని గ్రాముల్లో తూచే నేను
నన్ను తూచుకోవడం మానేశాను.

నర్సు మాల్వినా తూచింది.
ఆరు కిలోలు.
తిట్ల కోసం తల వంచుకుని కూర్చున్నాను.
ఆమె కంప్యూటర్ మీంచి కళ్లెత్తి ఒక్కటే అడిగింది:
"ఏ టైముకి?"
"ఏంటి, ఏ టైముకి?"
"ఆ చెంచా."
అంతవరకూ ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.
రెండూ నలభై.
మొదటి వాయి పొంగడానికి పెట్టాక,
రెండోది ఇంకా కలపకముందు,
జెనోన్ నిద్రలో, ఊరు నిద్రలో,
రేడియో కూడా వాతావరణం తప్ప మరేం చెప్పని వేళ,
చేతులకి పని లేని ఇరవై నిమిషాలు.

"అయితే రెండున్నరకి ఒక గుడ్డు పొయ్యి మీద వెయ్యి," అంది,
రక్తపరీక్ష చీటీ మీద సంతకం గీకుతూ.
"ఐరన్ తగ్గింది. బీ పన్నెండు సూదికి సోమవారం రా."
అంతే. బయట మంచు.

గురువారం నాలుగున్నరకే వరుస కట్టారు
వంతెన మలుపు దాకా.
ఏటా ఇరవై కొనే ఎర్ర టోపీ ముసలాయన
"తను వండింది తను తినని మనిషిని ఎలా నమ్మను?"
అన్నాడు, నవ్వుతూనే.
ఒకటి తీసి నాలుగు ముక్కలు చేశాను.
ఒక పావు నోట్లో పెట్టుకున్నాను.
నమిలాను. వరుసంతా చూస్తుండగా
నమిలాను, నమిలాను,
ఆయన చేతి తొడుగు తీసి, వేసుకుని, మళ్లీ తీశాడు.
"నారింజ తొక్క కాస్త తక్కువైంది," అన్నాను.
మిగతా మూడు పావులూ ఆయనకే ఇచ్చాను, లెక్కలో రాయకుండా.

దీన్ని గెలుపని చెప్పను.
శుక్రవారానికీ ఒక రెండూ నలభై ఉంది.
గిన్నెలో గుడ్డు టకటకా కొట్టుకుంటోంది.
పొర చిరక్కుండా పెంకు ఒలవాలంటే
నాలుగు నిమిషాలైనా పడుతుంది.
పట్టనీ.
పిండి ఇంకా పొంగుతూనే ఉంది.