చెక్క రాయప్ప

రాయి అని పేరు, ఒళ్ళంతా టేకు.
అదీ కొత్త దుంగ కాదు,
ఎనభయ్యారు వరదకి నడుం విరిగిన
మా నావ పక్కటెముక.

మేకులు పీకిన బెజ్జాలు అలాగే ఉన్నాయి.
లప్పం పెడదామంటే
చౌరయ్య పెదనాన్న ఒప్పుకోలేదు:
"వలలేసేవోడి ఒంటి మీద మచ్చలుండవేంట్రా?"

పటంలో ఆయన పాదాలు తెల్లగా, మెత్తగా.
అక్కడే మూడు రోజులు ఆగింది ఉలి.
నాలుగోనాడు
ఉప్పుటేట్లో గుల్లలేరుకొస్తున్న అన్నమ్మత్తని
అరుగు మీద కూర్చోబెట్టి
ఒరిసిపోయిన ఆ మడమలు చూస్తూ చెక్కాడు.
అత్త సిగ్గుపడి కోక కిందికి లాక్కుంటూనే ఉంది.

కోడి దగ్గర పేటంతా తగువు.
డేగ రంగెయ్యమని కొందరు, కాకి అని కొందరు.
"అది కూయాలయ్యా, కొట్టుకోకూడదు"
అన్నారు ఫాదరు గారు.

ఇక తాళాలు.
మోక్షం తాళంచెవి ఎలా ఉంటుందో
పెదనాన్నేం చూశాడు?
చూసిందల్లా కోరంగి కాలువ మీద
లాకు తిప్పే ఇనప కమ్మీ.
అదే పెట్టాడు చేతిలో, వంకరతో సహా.

ఫాదరు గారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని
"ఇది తాళంచెవి కాదుగా చౌరయ్యా?"

ఒళ్ళోని పొట్టు దులుపుకున్నాడు పెదనాన్న.
"లాకు తలుపు తోస్తే రాదండి.
ఇటు నీళ్ళూ అటు నీళ్ళూ
ఒక్క మట్టానికొస్తే..."
మిగతాది చెప్పలేదు, బీడీ వెతుక్కున్నాడు.

ఇప్పటికీ ముసురు పట్టిన రోజున
గుళ్ళో మోకరిస్తే
ఆ మేకుల బెజ్జాల్లోంచి గుగ్గిలం వాసన.
నావకి పూసిందో,
ధూపంలోదో.