ఆ పందులు ఎవులివి

గుణుపురం తెలుగు చర్చిలో, ముసురు పట్టిన ఆదివారం,
సమాధుల్లో తిరిగేవాడి కథ చదివాను.
వాడిలో దయ్యాల సేన, తెగిన సంకెళ్లు,
కొండ అంచు నుంచి నీళ్లలోకి రెండు వేల పందులు.
ఏటా చెప్పే పాఠమే చెప్పాను:
ఊరివాళ్లకి మనిషి కంటే పందులే ఎక్కువయ్యాయి,
అందుకే ప్రభువుని పొమ్మన్నారు.

వెనక వరసలోంచి సుసంతి రైతా లేచింది.
కాళ్లకి ఇంకా వంశధార బురద.
"ఆ పందులు ఎవులివి, పాస్టరుగోరూ?"

నా దగ్గర పేర్లు లేవు.

"నిరుడు జబ్బొచ్చిందని ఆపీసర్లొచ్చి
నా పదకొండింటినీ గోతిలో ఏసీసి సున్నం జల్లినారు.
కాయితం ఇచ్చినారు. డబ్బులింకా రాలేదు.
అంతకు ముందేడు రెండింటిని అమ్మీసి
తమ్ముడ్ని ఇశాపట్నం పిచ్చాసుపత్రికి తీసుకెల్లినాను.
ఆడు బాగయినాడు. ఇటికిల బట్టీకెల్తన్నాడు.
ఒక మనిసికి ఎన్ని పందులో నాకెరికే."

ఎవరో నవ్వబోయి ఆగారు.
రేకుల మీద వాన.

"బాగయినోడు దోనెక్కుతానంటే
నీ ఇంటికి పో అన్నాడు గదా పెబువు.
ఎల్లుంటాడు. పందులు పోయిన ఊరికే ఎల్లుంటాడు.
ఆ రేత్రి ఆడికి కూడెట్టినోలెవులు?"

పుస్తకంలో వెతికాను.
జనం ఆశ్చర్యపోయారనే ఉంది.
ఎవరో ఒకామె,
చచ్చిన పందుల లెక్క ఇంకా వేళ్ల కణుపుల మీద ఉండగానే
గంజి గిన్నె వాడి ముందుకి తోసి ఉంటుంది.

అది రాసిపెట్టాల్సిన శిష్యులు
అప్పటికే దోనెలో ఉన్నారు.