ఎర్త్

అలిచూర్‌లో తెల్లారింది గానీ
బండి లేవలేదు.

ఎర్గెష్ తాళం తిప్పాడు.
టిక్.
ఒక్కటే టిక్,
నాలుక అంగిట్లో కొట్టి
ప్చ్ అన్నట్టు.

సున్నాకి ముప్పై డిగ్రీల కింద చలి.
కనురెప్పల మీద మంచు
నూకల్లా అంటుకుంది.
ఏడుగురం దిగాం,
ఆరు రోగాలు చెప్పాం.

పెట్రోల్లో నీళ్ళు కలిపారన్నాడు ఉప్పు అమ్మే మమద్‌బెక్
(బంకువాడితో అతని గొడవ పాతదే).
బ్యాటరీ చచ్చిందంది గులందోం,
ఇంట్లో గడియారం ఆగినా, గేదె తన్నినా
ఆమె తిట్టేది బ్యాటరీనే.
పశువుల డాక్టరు ఇంజను పొట్టకి చెవి ఆనించి
ఏదో అనబోయి
తనకే నవ్వొచ్చి మానుకున్నాడు.
నేను మాత్రం ఏమీ అనలేదు.
బండ్ల గురించి నాకు తెలిసిందల్లా
ఎక్కడం, దిగడం.

ముందు బంపరు దగ్గర
హ్యాండిల్ దూర్చి తిప్పడానికో బొక్క ఉంది.
హ్యాండిల్ లేదు.
"అది మా అన్న దగ్గరుంది" అని
ఎర్గెష్ సీట్ల మధ్య ఇంజను మూత ఎత్తి
తల లోపల పెట్టేశాడు,
ఇంకెవరూ ఏమీ అడగడానికి వీల్లేకుండా.
వేసవి నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవని
ఊరందరికీ తెలుసు.

నెట్టాం.
నాలుగు వేల మీటర్ల ఎత్తున
గాలిని కూడా రేషను కార్డు మీదే ఇస్తారు.
ఇరవై అడుగులకే
డాక్టరు రోడ్డు మీద కూలబడ్డాడు.

అప్పటిదాకా టీ తాగుతూనే ఉన్నాడు దవ్లత్‌మీర్.
ముప్పై ఒక్క ఏళ్ళు ఈ దారిలో బొగ్గు లారీ తోలినవాడు.
కప్పు అడుగున మిగిలింది మంచులో ఒంపి వచ్చాడు.
"అందరూ కాసేపు నోళ్ళు మూసుకోండి.
లైట్లు వెయ్యి."
వెలిగాయి, పచ్చగా, నిబ్బరంగా.
"ఇప్పుడు తాళం తిప్పు. నన్ను కాదు, లైట్లను చూడు."
టిక్.
లైట్లు రవ్వంత కూడా వంగలేదు.
"హారన్."
ఊళ్ళో కుక్కలన్నీ జవాబిచ్చాయి.

"బ్యాటరీకేం, రాయిలా ఉంది.
మోటారు తాగి ఉంటే లైట్లు కుంగేవి.
ఇచ్చేవాడు ఇస్తానంటున్నాడు,
పుచ్చుకునేవాడు చెయ్యి చాపాడు,
మధ్యలో దారి తెగింది."

కోటు విప్పి పరుచుకుని బండి కిందికి పాకాడు.
బయట కాళ్ళు మిగిలాయి,
ఒక బూటుకి గోనె తాడు.
కింద నుంచి గొంతు వచ్చింది:
"ఎర్త్ పోయింది."

మేం చుట్టూ చూశాం.
చెట్టు లేదు, కంచె లేదు, గడ్డిపరక లేదు,
చూపు పోయినంత మేర
ఎవరూ కుట్టని, ఎవరూ కత్తిరించని ఒట్టి భూమి.
అంత భూమి మీద నిలబడ్డ బండికి
భూమి అందలేదు.

జానెడు రాగి జడ.
ఇంజనుకీ చట్రానికీ మధ్య
బోల్టు దగ్గర చిలుం పట్టి
ఆకుపచ్చగా కుళ్ళింది.
"గీకడానికి ఏదైనా ఇవ్వండి."

ఉన్నది గులందోం కత్తెర ఒక్కటే,
పెళ్ళి పట్టు తప్ప ఎరగనిది.
ఇవ్వనంది.
ఆయన బతిమాలలేదు. కింద పడుకుని దగ్గాడు.
ఇచ్చింది, మొహం అటు తిప్పుకుని.
గీకుతున్నంతసేపూ
మా అందరి పళ్ళూ జివ్వుమన్నాయి,
ఆమెవి ఎక్కువ.

తాళం.
ఈసారి టిక్ కాదు.
బరువైన మూలుగు, మూలుగు, దగ్గు,
బండి వెనక నల్లటి పొగ.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు, చేతులు జేబుల్లో ఉన్నాయి.
గులందోం కత్తెర మొనను ఎండకి పట్టి
ఒక కన్ను మూసి చూసుకుంది.
"ఖొరోగ్ దాకా ఆపకు" అన్నాడు దవ్లత్‌మీర్.

అందుకే మధ్యాహ్నం దారిలో
బండిని బయట గురక పెడుతూ ఉంచి
రొట్టె తిన్నాం.
గ్లాసుల్లో టీ వలయాలు వలయాలుగా వణికింది.
కిటికీలోంచి ఎర్గెష్ కనిపిస్తున్నాడు,
ఒక చెవికి ఫోను,
ఇంజను రొదకి అడ్డంగా రెండో చెవి మీద అరచెయ్యి.
హ్యాండిల్ అన్నట్టుంది ఒకసారి, పెదవులు.
తర్వాత చాలాసేపు
ఏమీ అనకుండా వింటూ నిలబడ్డాడు.

"పెట్రోలంతా తగలడిపోతోంది" అన్నాడు మమద్‌బెక్.
"కానియ్" అని
దవ్లత్‌మీర్ రొట్టె తుంచి
నా వైపు జరిపాడు.