జారిపడే హక్కు

బెడ్‌మిన్‌స్టర్‌లో పాత పొగాకు గోదాము, రెండో అంతస్తు.
కిటికీ బయట బ్రిస్టల్ వాన. నా బల్ల మీద
జానెడు గూఢచారిణి. ఇంకా ముఖం లేదు.

రంగుల అరలో గులాబీ డబ్బా మీద "చర్మం" అని ఉంటుంది.
అంతే. చర్మం.
మిగిలినవాళ్లం అందరం తిండి సరుకులం:
టాఫీ, కోకో, అల్లం బిస్కెట్టు, పాలెక్కువ కాఫీ.
మూడేళ్లు ఆ మూతలు తుడిచాను, ఒక్కనాడూ అడగలేదు.
ఈసారి నేనే కలిపాను
పసుపుమట్టి, కాలిన ఎరుపు, చిటికెడు నీలం,
మా చిన్నమ్మ మోచేతి లోపలివైపు గుర్తుచేసుకుంటూ.
చీటీ మీద తెలుగులో రాశాను: చామనఛాయ.
ఇమొజెన్ ఆ గుండ్రటి అక్షరాల్ని తిప్పి తిప్పి చూసి
రహస్య లిపా, అంది.
అవునన్నాను. కోట్లమందికి తెలిసిన రహస్యం.

మొదటి కథలో వకుళ లేదు.
వ్యానులో కూర్చుని వైర్లు కలిపే ఒకాయన ఉండేవాడు.
పేరు లేదు, తల ఊపుడు మాత్రం ఉంది.
హోదాన్ ఆ కాగితం చదివి, నాలుగు మడతలు పెట్టి
ఊగే బల్లకోడు కింద దోపింది. బల్ల కుదురుకుంది.
అలా పుట్టింది ఏజెంట్ వకుళ,
పియానోలు శ్రుతి చేసే మనిషిగా మారువేషం,
పెట్టెలో శ్రుతిదండం, సుత్తి, అరడజను మీసాలు.
జోడీగా చక్రాల కుర్చీలో డెస్మండ్.
గ్వెన్‌దీ చక్రాల కుర్చీయే, ఆమె పెట్టిన షరతు ఒకటే:
"కుర్చీలోంచి రాకెట్లు రాకూడదు.
బ్రేకు సరిగ్గా పడితే చాలు, నాకదే సైన్స్ ఫిక్షన్."

అందరం మంచివాళ్లమైపోయాం. చిక్కు అక్కడే వచ్చింది.
వకుళ తుమ్మదు. మీసం ఊడదు.
తొయ్యమని రాసిన తలుపుని లాగదు.
ఆరు నిమిషాల నవ్వులన్నీ విలన్ బార్నబీ
మూటగట్టుకు పోయాడు.
మా పిల్ల మాత్రం పటంలో దేవతలా ఓ మూల,
దండకి ఎదురుచూస్తూ.

"ఆమెని పడెయ్యండి," అన్నాను.
గదిలో జిగురు వాసన తప్ప ఏదీ కదల్లేదు.
"బాధపడతారేమో," ఇమొజెన్ మెల్లగా, "మీవాళ్లు."
మావాళ్లా!
పెళ్లిలో వియ్యంకుడి ముందు జారినవాడి కథ
నలభై ఏళ్లు చెప్పుకుంటారు మావాళ్లు,
పడ్డవాడే లేచి మళ్లీ పడి చూపిస్తాడు.
వ్యానులో ఆయన్ని చూసి నవ్వడం వేరు,
ఆయన నవ్వించడం వేరు
అని ఇంగ్లీషులో చెప్పబోయి, మాట తడబడి,
స్టూలు మీంచి నేనే జారాను.
ముందు గ్వెన్ నవ్వింది.

నాలుగు సెకన్ల పాటుకి రెండున్నర రోజులు.
ఫ్రేముకి వెంట్రుకవాసి,
సూదిమొనతో కనుబొమ్మ ఎత్తి, మడమ తిప్పి.
మీసం ముందు ఎగిరింది, తర్వాత ఆమె.
పియానో మెట్లన్నీ ఒక్కసారే మోగేలా పడింది.

ఈస్టన్‌లో కమ్యూనిటీ హాలు, మడత కుర్చీలు, ఆదివారం.
వకుళ ముఖం తెర నిండా వచ్చింది.
ఎవరూ ఏమీ అనలేదు.
అంత కలిపానే, అనుకున్నాను వెనకవరసలో.
అప్పుడు పడింది.
హోదాన్ మేనకోడలు ఇఫ్రా, ఆరేళ్లది, నోట్లో చిప్స్‌తోనే
"అచ్చం మా అత్త! మా అత్త ఇలాగే పడుతుంది!"
హాలంతా వెనక్కి తిరిగింది.
హోదాన్ లేచి, వంగి సలాం చెయ్యబోయి,
కుర్చీ మడతలో వేలు ఇరికించుకుంది.

సోమవారం వెళ్లేసరికి
గులాబీ డబ్బాకి కొత్త చీటీ, గ్వెన్ దస్తూరి:
ఉడికిన రొయ్య.